క్రియాశీల అభ్యసనం

క్రియాశీల అభ్యసనం అనగా విద్యార్థి తరగతి గదిలో ఉపన్యాసం వినడం, నోట్సు వ్రాసుకోవడంతో సరిపెట్టకుండా, చెప్పిన విషయాన్ని అక్కడికక్కడే తాను ఉపయోగించి చూస్తూ, ప్రశ్నలకు సమాధానాలు వెదకుతూ, తోటివారితో చర్చిస్తూ నేర్చుకునే విధానం. దీనిని చురుకైన అభ్యసనం అని కూడా అంటారు. ఇది ఏదో ఒక్క పద్ధతికి పెట్టిన పేరు కాదు. ఒకే ఉద్దేశం గల అనేక పద్ధతులకు కలిపి వాడే పేరు.

విశ్వవిద్యాలయ స్థాయిలో, ముఖ్యంగా విజ్ఞాన శాస్త్రాలు, ఇంజనీరింగు, గణితం బోధించే తరగతులలో ఈ విధానం పరీక్షా ఫలితాలను మెరుగుపరుస్తుందని 1990ల నుండి జరిగిన పరిశోధనలలో తేలినది. విద్యార్థులపై ఒత్తిడి సంగతి మాత్రం ఇంత సూటిగా లేదు. తరగతిలో చేయించే ఒకే పని ఒక విద్యార్థికి ధైర్యాన్నిస్తే, ప్రక్కనే కూర్చున్న మరొకరికి గుండెదడ పుట్టించవచ్చును. పని కష్టంగా ఉండడం కన్నా, తప్పు చేస్తే అది పదిమందిలో బయటపడుతుందన్న భయమే ఈ ఆందోళనకు ముఖ్య కారణమని విద్యార్థులతో జరిపిన అధ్యయనాలు సూచిస్తున్నవి.

పేరు, పరిధి

అమెరికా విశ్వవిద్యాలయాల అధ్యాపకులలో ఈ పేరు బాగా ప్రచారంలోకి రావడానికి చార్లెస్ బాన్‌వెల్, జేమ్స్ ఐసన్ అనే ఇద్దరు 1991లో వెలువరించిన నివేదిక తోడ్పడినది. విద్యార్థుల చేత ఏదో ఒక పని చేయిస్తూ, ఆ చేస్తున్న పనిని గురించి వారిని ఆలోచింపజేసే బోధన అంతా క్రియాశీల అభ్యసనమే అని వారు స్థూలంగా నిర్వచించారు. రెండు నిమిషాల చర్చ మొదలుకొని సెమిస్టరు పొడుగునా సాగే ప్రాజెక్టు వరకు అన్నీ ఇందులో ఇమిడిపోతాయి.

వీటిలో మిక్కిలి తేలికైనది ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించిన పద్ధతి. అధ్యాపకుడు ఒక ప్రశ్న అడుగుతాడు. ప్రతి విద్యార్థి ముందుగా తనలో తాను ఆలోచించుకుంటాడు, తరువాత ప్రక్కవారితో మాట్లాడతాడు, ఆ తరువాతనే తరగతి మొత్తానికి చెబుతాడు. వైద్య విద్యలో ప్రసిద్ధమైన సమస్యాధారిత అభ్యసనం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 1969లో మొదలైనది. అందులో విద్యార్థులు చిన్న బృందాలుగా కూర్చుని, ఒక రోగి సమస్యను తీసుకొని, దానిని అర్థం చేసుకోవడానికి ఏమేమి తెలియాలో తామే నిర్ణయించుకొని చదువుతారు. పాఠాన్ని వీడియో రూపంలో ఇంటి వద్ద చూసి వచ్చి, తరగతి సమయమంతా లెక్కలకు, చర్చకు కేటాయించే తలక్రిందుల తరగతి కూడా ఈ కోవలోనిదే.

చేతులతో చేసే పని అంతా క్రియాశీలం కాదు. గత సంవత్సరపు విద్యార్థుల రికార్డు చూసి పరిశీలనల పట్టిక నింపుకునే ప్రయోగశాల తరగతిలో చేతులు కదులుతాయే గాని ఆలోచన కదలదు. అందుకు భిన్నంగా, బయటికి నిశ్శబ్దంగా కనిపించే విద్యార్థి కాగితం మీద తన సమాధానాన్ని వ్రాసుకుని, అది ఎందుకు సరి అయినదో తర్కించుకుంటూ ఉంటే అది ఈ విధానం క్రిందికే వస్తుంది.

ఈ ఆలోచన మరీ కొత్తదేమీ కాదు. విద్యలో పావు వంతు మాత్రమే గురువు వద్ద లభిస్తుందని, మిగిలినది స్వంత బుద్ధి వలన, తోటి విద్యార్థుల వలన, కాలక్రమంలోను సమకూరుతుందని చెప్పే సంస్కృత సుభాషితం మన పండితులకు సుపరిచితమే.

మజూర్ పద్ధతి

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన ఎరిక్ మజూర్ అనుభవం ఈ విషయంలో తరచుగా ఉదహరింపబడుతుంది. ఆయన తరగతులకు విద్యార్థుల నుండి మంచి పేరే ఉండేది. వారు కఠినమైన లెక్కలు కూడా చేయగలిగేవారు. అయితే సూత్రాలతో పని లేకుండా, బలం, చలనం గురించిన మౌలిక భావనలను మామూలు మాటలలో అడిగే ఒక పరీక్షను ఆయన తన విద్యార్థులకు పెట్టినపుడు వారిలో చాలామంది తడబడ్డారు. ఒక విద్యార్థిని అయితే, ఈ ప్రశ్నలకు మీరు నేర్పిన ప్రకారం సమాధానం వ్రాయాలా, లేక నేను మామూలుగా అనుకునే ప్రకారం వ్రాయాలా అని అడిగినదట. న్యూటన్ సూత్రాలు ఆమె నోట్సులో ఉన్నవి గాని, ప్రపంచాన్ని చూసే ఆమె చూపులోకి రాలేదన్నమాట.

దీనితో మజూర్ 1991 నుండి తన బోధనను మార్చుకున్నాడు. కొద్ది నిమిషాలు పాఠం చెప్పి, వెంటనే అనేక సమాధానాలలో ఒకటి ఎంచుకోవలసిన ప్రశ్న వేస్తాడు. ప్రతి విద్యార్థి మొదట తన సమాధానాన్ని ఒంటరిగా తెలియజేస్తాడు. మొదట్లో దీనికి చేతులెత్తడం, అట్టముక్కలు చూపడం వంటివి వాడేవారు. తరువాత క్లిక్కర్ అనే చిన్న రిమోట్ పరికరాలు, ఆపైన మొబైల్ ఫోన్లు వచ్చినవి. సమాధానాలు వేరువేరుగా ఉంటే, ప్రక్కవారిని ఒప్పించడానికి ప్రయత్నించమని విద్యార్థులకు చెబుతాడు. రెండు మూడు నిమిషాల చర్చ తరువాత మళ్ళీ సమాధానాలు తీసుకుంటాడు. దీనికి సహవిద్యార్థి బోధన అని పేరు. ఇదే విషయంపై ఆయన పుస్తకం 1997లో వెలువడినది. పది సంవత్సరాల ఫలితాలను కాథరిన్ క్రౌచ్‌తో కలిసి 2001లో ప్రకటించాడు.

చర్చలో తెలియనివారు తెలిసినవారి సమాధానాన్ని అరువు తెచ్చుకుంటున్నారు, అంతే కదా అని ఎవరికైనా అనుమానం రావచ్చును. మిషెల్ స్మిత్ బృందం 2009లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ అనుమానాన్ని పరీక్షించినది. చర్చ ముగిసిన తరువాత అదే భావనపై మరొక ప్రశ్న ఇచ్చి, దానికి ఎవరికి వారే సమాధానం చెప్పమన్నారు. బృందంలో మొదట ఏ ఒక్కరికీ సరి అయిన సమాధానం తెలియని చోట కూడా చర్చ తరువాత ఫలితాలు మెరుగుపడినట్లు కనబడినది.

పరీక్షా ఫలితాలపై ప్రభావం

భౌతికశాస్త్రంలో రిచర్డ్ హేక్ 1998లో ప్రచురించిన సర్వే తొలి పెద్ద ఆధారం. ఆయన 62 కోర్సులకు చెందిన సుమారు 6,500 మంది విద్యార్థుల వివరాలను సేకరించాడు. కోర్సు మొదట్లో విద్యార్థికి తెలియని దానిలో ఎంత భాగం కోర్సు ముగిసేసరికి తెలిసినది అనేది ఆయన కొలమానం. సాంప్రదాయిక ఉపన్యాస తరగతులలో ఇది సగటున 0.23 ఉండగా, విద్యార్థులను చర్చలలో పాల్గొనజేసిన తరగతులలో 0.48 ఉన్నది.

2011లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం చిన్నదే అయినా ఆసక్తికరమైనది. లూయీ డెలోరియే, ఎలెన్ షెల్యూ, నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ కలిసి దీనిని నిర్వహించారు. ఒకే భౌతికశాస్త్ర కోర్సుకు చెందిన రెండు సెక్షన్లలో, ఒక్కొక్కదానిలో 270 మంది వరకు విద్యార్థులు ఉండేవారు. ఒక వారం పాటు ఒక సెక్షనుకు మంచి పేరున్న అనుభవజ్ఞుడైన ఆచార్యుడు ఎప్పటివలెనే ఉపన్యాసం ఇచ్చాడు. రెండవ సెక్షనుకు అనుభవం తక్కువైనా కొత్త పద్ధతిలో శిక్షణ పొందినవారు బోధించారు. తరువాత పెట్టిన పరీక్షలో మొదటి సెక్షను సగటు 41 శాతం, రెండవ సెక్షను సగటు 74 శాతం. ఇది ఒక్క వారం పాఠాన్ని గురించిన, వెంటనే పెట్టిన పరీక్ష మాత్రమే అన్న సంగతి మరువరాదు.

ఈ రంగంలో ఎక్కువగా పేర్కొనబడే అధ్యయనం వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రచురించినది. అప్పటికే వెలువడిన 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కించగా, క్రియాశీల తరగతులలో పరీక్షల మార్కులు సగటున 6 శాతం మేరకు పెరిగినట్లు తేలినది. ఉపన్యాసం మాత్రమే ఉన్న తరగతులలో 33.8 శాతం మంది ఉత్తీర్ణులు కాలేకపోగా, క్రియాశీల తరగతులలో అది 21.8 శాతం. తరగతి పరిమాణం ఎంతైనా లాభం కనిపించినది గాని, 50 మంది లేదా అంతకు తక్కువ ఉన్న తరగతులలో లాభం ఎక్కువ. ఇవి ఒక క్రొత్త మందు ప్రయోగ ఫలితాలైతే, ఆ మందు మేలు స్పష్టమైనదని చెప్పి ప్రయోగాన్ని మధ్యలోనే ఆపి అందరికీ దానినే ఇచ్చేవారేమో అని ఆ రచయితలు వ్యాఖ్యానించారు. మార్కులు ఆరు శాతం పెరగడం కొద్దిగానే అనిపించవచ్చును. కాని ఉత్తీర్ణతకు అంచున నిలిచిన విద్యార్థికి అదే కోర్సులో నిలవడానికి, మానివేయడానికి మధ్య తేడా.

ఈ లాభం అందరికీ సమానంగా అందడం లేదు. చదువులో వెనుకబడిన వర్గాల విద్యార్థులకే ఎక్కువగా అందుతున్నది. ఎలీ థియోబాల్డ్ తదితరులు 2020లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, అమెరికా విశ్వవిద్యాలయాలలో తక్కువ ప్రాతినిధ్యం గల వర్గాల విద్యార్థులకు, ఇతరులకు మధ్య పరీక్షల మార్కులలో ఉండే అంతరం క్రియాశీల తరగతులలో 33 శాతం, ఉత్తీర్ణతలో ఉండే అంతరం 45 శాతం తగ్గినది. తరగతి సమయంలో ఎక్కువ భాగాన్ని ఇటువంటి పనులకు కేటాయించిన చోటనే అంతరం తగ్గినదని కూడా వారు గమనించారు.

దీనికి చాలా ముందే, 1970లలో, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్మన్ చేసిన పని ఇక్కడ చెప్పుకోదగినది. కలన గణితంలో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతూ ఉండడం, చైనా సంతతి విద్యార్థులు బాగా రాణిస్తూ ఉండడం ఆయన చూశాడు. శ్రద్ధ లేకపోవడం, కుటుంబ ప్రోత్సాహం లేకపోవడం కారణాలని తోటి అధ్యాపకులు భావించేవారు. ట్రైస్మన్ విద్యార్థుల నివాసాలకు వెళ్ళి, వారు ఎలా చదువుతున్నారో నెలల తరబడి పరిశీలించాడు. నల్లజాతి విద్యార్థులు కష్టపడి, నియమంగా, కాని ఒంటరిగా చదువుతున్నారు. లెక్క రాకపోతే అది తమ ఒక్కరి లోపమే అనుకుంటున్నారు. చైనా సంతతి విద్యార్థులు ఒంటరిగా చదివిన తరువాత కలిసి కూర్చుని, ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. ఏ లెక్క నిజంగా కఠినమైనదో, ఏది తమకు మాత్రమే రావడం లేదో వారికి తెలుస్తున్నది. దీనిని బట్టి ట్రైస్మన్ బృందాలుగా కఠినమైన లెక్కలు చేసే కార్యశాలలను ఏర్పాటు చేశాడు. ఇవి వెనుకబడినవారికి పెట్టే ప్రత్యేక తరగతులవలె కాక, ప్రతిభావంతుల కార్యక్రమంగా నడిచినవి. వీటిలో పాల్గొన్నవారి ఫలితాలు గణనీయంగా మెరుగుపడినవి. ఆయన 1992లో ఈ అనుభవాన్ని గణిత పత్రికలో వివరంగా వ్రాశాడు.

నేర్చుకున్నామన్న భావన

ఇంత లాభం ఉన్నా విద్యార్థులు తరచుగా ఈ విధానాన్ని ఇష్టపడరు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2000ల తొలి సంవత్సరాలలో మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రాన్ని పెద్ద హాలు ఉపన్యాసాల నుండి గుండ్రని బల్లల చుట్టూ జరిగే తరగతులకు మార్చినపుడు, కొందరు విద్యార్థులు దానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరించారు. తప్పేవారి సంఖ్య మాత్రం తగ్గినది.

ఈ వైరుధ్యానికి ఒక వివరణ హార్వర్డ్‌లో డెలోరియే బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో లభించినది. ప్రారంభ భౌతికశాస్త్ర విద్యార్థులలో సగం మందికి నిపుణుడైన అధ్యాపకుడు చక్కని ఉపన్యాసం ఇచ్చాడు. మిగిలిన సగం అవే లెక్కలను ముందుగా తామే ప్రయత్నించారు. తరువాతి తరగతిలో ఈ రెండు గుంపులనూ తారుమారు చేశారు. పరీక్షలో తాము ప్రయత్నించిన పాఠంలోనే విద్యార్థులకు ఎక్కువ మార్కులు వచ్చినవి. ఎంత నేర్చుకున్నారని అడిగితే మాత్రం, ఉపన్యాసం విన్న పాఠంలోనే ఎక్కువ నేర్చుకున్నామని వారు చెప్పారు. ధారాళమైన ఉపన్యాసం వింటున్నపుడు అంతా తేటగా ఉన్నట్లు తోస్తుంది. స్వయంగా తంటాలు పడుతున్నపుడు కలిగే శ్రమను విద్యార్థి తన అసమర్థతగా భావిస్తాడు. ఈ సంగతిని సెమిస్టరు ప్రారంభంలోనే విద్యార్థులకు వివరించి చెబితే ఈ అపోహ కొంతవరకు తొలగుతుందని అదే బృందం చూపినది. విద్యార్థుల అభిప్రాయ పత్రాలను బట్టి మాత్రమే అధ్యాపకుల పనితీరును లెక్కించే సంస్థలు ఈ ఫలితాన్ని ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది.

ఒత్తిడి, ఆందోళన

కొంత ఒత్తిడి చదువుకు మేలు చేస్తుందని సాధారణంగా చెబుతారు. దీనికి ఆధారంగా చూపే యెర్క్స్-డాడ్సన్ సూత్రం 1908లో ఎలుకలపై జరిగిన ప్రయోగాల నుండి వచ్చినది. తేలిక పనిని నేర్చుకోవడానికి గట్టి విద్యుత్ ఘాతం తోడ్పడినా, కష్టమైన పనికి మాత్రం తక్కువ ఘాతమే అనుకూలంగా ఉన్నదని అందులో తేలినది. ఎలుకల పెట్టె నుండి విశ్వవిద్యాలయ తరగతికి సూటిగా దూకడం సబబు కాదు గాని, క్రొత్త విషయం, కష్టమైన విషయం నేర్చుకునేటపుడు భయం అడ్డుపడుతుందన్న మాట మన అనుభవానికి దగ్గరగానే ఉన్నది. మనస్సులో ఒక భాగం రాబోయే అవమానాన్ని గురించి తర్కిస్తూ ఉంటే, లెక్కకు మిగిలే చోటు తగ్గుతుంది.

క్రియాశీల తరగతులలో విద్యార్థులకు ఆందోళన ఎందుకు కలుగుతున్నదో తెలుసుకోవడానికి అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు కేటలిన్ కూపర్, వర్జీనియా డౌనింగ్, సారా బ్రౌనెల్ పెద్ద విజ్ఞాన తరగతులకు చెందిన 52 మంది విద్యార్థులతో మాట్లాడి 2018లో ఫలితాలు ప్రచురించారు. క్లిక్కర్ ప్రశ్నలు, బృంద చర్చలు కొందరికి ఆందోళనను పెంచినవి, కొందరికి తగ్గించినవి. తన వలెనే సగం తరగతి తప్పు సమాధానం ఎంచుకున్నదని తెరపై చూసిన విద్యార్థి ఊపిరి పీల్చుకుంటాడు. అదే ప్రశ్నకు సమయం మరీ తక్కువగా ఇచ్చి, సరి అయిన సమాధానానికే మార్కులు వేస్తే అతడే కంగారు పడతాడు. బృందంలో స్నేహంగా మాట్లాడేవారు ఉంటే సందేహం తీరుతుంది, అందరూ తనకన్నా తెలివైనవారని తోస్తే నోరు మూతపడుతుంది.

ఒక పద్ధతి విషయంలో మాత్రం అటూ ఇటూ లేదు. చేయి ఎత్తని విద్యార్థిని అధ్యాపకుడు ఉన్నట్లుండి లేపి సమాధానం అడగడం ఆందోళనను పెంచుతుందే గాని తగ్గించదని ఆ విద్యార్థులు చెప్పారు. దీనికి మూలం ఇతరులు తమను తక్కువగా అంచనా వేస్తారన్న భయం. మనస్తత్వ శాస్త్రంలో ఈ భయాన్ని కొలిచే ప్రశ్నావళి 1969 నుండి వాడుకలో ఉన్నది. లేపి అడిగిన వెంటనే సమాధానం తెలిసి కూడా మరచిపోవడం ఎందరికో అనుభవమే.

అయితే ఈ పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టడం కూడా సమస్యే. సారా ఎడ్డీ తదితరులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 23 ప్రారంభ జీవశాస్త్ర తరగతులలో విద్యార్థినులు సగటున 60 శాతం ఉన్నా, అధ్యాపకుని ప్రశ్నలకు వినబడిన గొంతులలో వారివి 40 శాతం కన్నా తక్కువే. చేతులెత్తినవారినే అడిగితే ధైర్యస్థులైన నలుగురితోనే తరగతి నడుస్తుంది. యాదృచ్ఛికంగా పేర్లు తీసి పిలిచిన చోట ఈ వ్యత్యాసం కనిపించలేదు. లేపి అడగడం ఎక్కువగా జరిగే తరగతులలో కొంత కాలానికి తమంతట తాము సమాధానం చెప్పేవారి సంఖ్య పెరిగినదని, చర్చలో పాల్గొనడం గురించిన బెరుకు కూడా తగ్గినదని డాలిమోర్ తదితరులు 2013లో తెలిపారు. కనుక అడగాలా వద్దా అన్నదాని కన్నా, ఎలా అడగాలి అన్నదే అసలు విషయం. ముందుగా వ్రాసుకోవడానికి, ప్రక్కవారితో చర్చించడానికి వ్యవధి ఇచ్చి, నీ సమాధానం ఏమిటని కాక మీ బృందం ఏమనుకున్నది అని అడిగితే తప్పు ఒక్కరి నెత్తిన పడదు. ఈ వ్యవధి చాలా ముఖ్యం. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగిన తరువాత సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దానిని మూడు సెకన్లకు పెంచితేనే సమాధానాల నాణ్యత మారుతున్నదని మేరీ బడ్ రో 1970లలో పాఠశాలలను పరిశీలించి చూపినది.

ఆందోళన పర్యవసానం మార్కులతో ఆగదు. టెనెస్సీ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర విద్యార్థులపై 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, తరగతి అంటే ఎక్కువ ఆందోళన ఉన్నవారు తక్కువ గ్రేడు ఆశించడమే కాక, ఆ శాస్త్రంలోనే కొనసాగాలన్న ఉద్దేశాన్ని కూడా తక్కువగా కనబరిచారు. ఏది ముందు, ఏది తరువాత అన్నది ఇటువంటి ప్రశ్నావళితో తేలదు.

పరీక్షల ఒత్తిడి

తరగతిలో కలిగే ఆందోళన ఒక ఎత్తు, చివరి పరీక్షనాటి ఒత్తిడి మరొక ఎత్తు. ఈ రెండవదాని విషయంలో క్రియాశీల అభ్యసనానికి గట్టి మద్దతు ఉన్నది. చదివిన దానిని పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం కూడా క్రియాశీల అభ్యసనంలో భాగమే. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో కళాశాల విద్యార్థులపై చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ మళ్ళీ చదివినవారిదే పైచేయి అయినది. వారం తరువాత పరీక్షిస్తే, తమను తాము పరీక్షించుకున్నవారికే ఎక్కువ గుర్తున్నది. పరీక్షకు ముందు రాత్రి చదివే అలవాటు ఎందుకు పనికివచ్చినట్లు కనిపిస్తుందో, ఎందుకు నిలవదో ఇందులో తెలుస్తుంది.

టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఏమీ స్మిత్, విక్టోరియా ఫ్లోర్కీ, అయన్నా థామస్ 2016లో ఒత్తిడిని కూడా ఈ ప్రయోగంలోకి తెచ్చారు. 120 మంది పదాలను, బొమ్మలను నేర్చుకున్నారు. కొందరు మళ్ళీ చదవడం ద్వారా, కొందరు గుర్తు తెచ్చుకోవడం ద్వారా. మరునాడు కొందరిని చూపరుల ముందు ప్రసంగించమని, లెక్కలు చెప్పమని ఒత్తిడికి గురిచేశారు. మళ్ళీ చదివినవారి జ్ఞాపకం ఒత్తిడిలో దెబ్బతిన్నది. గుర్తు తెచ్చుకుని నేర్చినవారి జ్ఞాపకం దెబ్బతినలేదు. పాఠశాల విద్యార్థులపై పూజా అగర్వాల్ తదితరులు 2014లో ప్రచురించిన సర్వేలో, ఇలా తరగతిలో తరచుగా గుర్తు తెచ్చుకునే అభ్యాసం వలన పరీక్షలంటే బెదురు తగ్గినదని 1,408 మందిలో 72 శాతం చెప్పారు.

ఇక్కడ మన పాఠకులకు ఒక సందేహం రావచ్చును. తెలుగు రాష్ట్రాలలోని రెసిడెన్షియల్ ఇంటర్మీడియట్ కళాశాలలలో వారం వారం పరీక్షలు పెడతారు కదా, మరి అక్కడ ఒత్తిడి తగ్గాలి కదా అని. తేడా పరీక్షల సంఖ్యలో లేదు. పైన చెప్పిన అభ్యాసంలో మార్కులు నామమాత్రం, తప్పును వెంటనే దిద్దుతారు, ఫలితం విద్యార్థికి మాత్రమే తెలుస్తుంది. వారపు పరీక్ష తరువాత ర్యాంకుల జాబితాను గోడకు అంటించి, దాని ప్రకారం సెక్షన్లు మార్చితే, గుర్తు తెచ్చుకునే అభ్యాసం ఇచ్చే లాభాన్ని పరువు భయం మ్రింగివేస్తుంది.

విమర్శలు

ఫ్రీమన్ విశ్లేషణలోని అధ్యయనాలలో చాలావరకు ఈ విధానంపై ఆసక్తి, శిక్షణ ఉన్న అధ్యాపకులవి. టెస్సా ఆండ్రూస్ తదితరులు 2011లో అమెరికాలోని జీవశాస్త్ర కోర్సులను యాదృచ్ఛికంగా ఎంపిక చేసి పరిశీలించగా, క్రియాశీల పద్ధతుల వాడకానికి, విద్యార్థులు నేర్చుకున్న దానికి సంబంధం కనిపించలేదు. పద్ధతి పేరు తెచ్చుకున్నంత మాత్రాన ఫలితం రాదన్నమాట. తగిన మార్గదర్శకత్వం లేకుండా విద్యార్థులనే అంతా కనుగొనమనడం, ముఖ్యంగా విషయం క్రొత్తగా నేర్చుకునేవారికి, మెదడుపై మోయలేని భారం మోపుతుందని పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ 2006లో గట్టిగా వాదించారు. ఉపన్యాసాన్ని పూర్తిగా తొలగించమని ఈ రంగంలోని పెద్దలు కూడా చెప్పలేదు. మజూర్ పద్ధతిలోనూ చిన్న చిన్న ఉపన్యాసాలు ఉన్నవి.

ఒత్తిడిపై జరిగిన పరిశోధనలలో అధిక భాగం విద్యార్థులు తమను గురించి తాము చెప్పిన మాటలపై ఆధారపడినవే. అవి కూడా ఎక్కువగా అమెరికాలోని విజ్ఞాన తరగతులకు చెందినవి. వాటిని సాహిత్యం, చరిత్ర తరగతులకు, ఇతర దేశాలకు వర్తింపజేసేటపుడు జాగ్రత్త అవసరం.

అధ్యాపకుల వైపు నుండి పాఠ్యప్రణాళిక పూర్తికాదన్న అభ్యంతరం తరచుగా వినబడుతుంది. ఉత్తర అమెరికాలోని 25 సంస్థలలో రెండు వేలకు పైగా తరగతులను పరిశీలించి మారిలిన్ స్టెయిన్స్ తదితరులు 2018లో ఇచ్చిన నివేదికలో, 55 శాతం తరగతులు ప్రధానంగా ఉపన్యాసాలే.

భారతదేశంలో

భారత వైద్య మండలి 2019లో ఎం.బి.బి.ఎస్. చదువుకు ప్రవేశపెట్టిన సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళికలో ఉపన్యాసాలు మొత్తం బోధనా కాలంలో మూడవ వంతును మించరాదన్న నిబంధన ఉండేది. మిగిలిన కాలం చర్చలకు, ప్రాక్టికల్సుకు, రోగుల వద్ద నేర్చుకోవడానికి కేటాయించవలసి ఉండేది. 2020 జాతీయ విద్యా విధానం కూడా బట్టీ చదువుకు బదులు చర్చ, అన్వేషణ, అనుభవం ద్వారా నేర్చుకోవడాన్ని కోరినది. ఆంధ్రప్రదేశ్‌లో 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం గ్రామీణ విద్యార్థులను పదవ తరగతి మార్కుల ఆధారంగా చేర్చుకుని, లాప్‌టాప్‌లు ఇచ్చి, చేస్తూ నేర్చుకోవడం అనే లక్ష్యంతో ఇడుపులపాయ, నూజివీడు, బాసరలలో మొదలైనది. కంప్యూటరు శాస్త్రవేత్త రాజ్ రెడ్డి దానికి తొలి కులపతి.

తెలుగు విద్యార్థుల విషయంలో భాష ఒక ప్రత్యేకమైన అంశం. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంజనీరింగులో ఆంగ్ల మాధ్యమానికి వచ్చిన విద్యార్థికి లేచి సమాధానం చెప్పడం రెండు పరీక్షలు ఒకేసారి వ్రాయడం వంటిది. ఒకటి విషయంలో, రెండవది ఆంగ్లంలో. విషయం తెలిసి కూడా వ్యాకరణం తప్పుతుందని మౌనంగా ఉండేవారిని అధ్యాపకుడు తెలియనివారిగా లెక్కవేసే ప్రమాదం ఉన్నది. చదువుకోసం అమెరికా వెళ్ళిన విద్యార్థులకు, తరగతి చర్చలో పాల్గొనడానికి కూడా మార్కులు ఉండే చోట ఇదే చిక్కు మరొక రూపంలో ఎదురవుతుంది. ఇటువంటి తరగతులలో ప్రక్కవారితో చర్చను తెలుగులోనే సాగనిచ్చి, బృందం తరపున చెప్పవలసిన సమాధానాన్ని మాత్రం ఆంగ్లంలో సిద్ధం చేసుకోమనడం అధ్యాపకులు ఖర్చు లేకుండా చేయగలిగిన ఏర్పాటు.